రంగం నుంచి తెచ్చుకున్న రసీదు

మా ఇంటి బీరువాలో, ఇంటిపన్ను కాగితాల అడుగున, నాలుగు మడతలు పెట్టిన పాత రసీదు ఒకటి ఉంది. 1964 మార్చిలో మా నాన్నగారి దుకాణంలో ఏమేమున్నాయో గుండ్రటి బర్మా అక్షరాల్లో, ఒక్క వస్తువూ వదలకుండా అందులో రాసి ఉంది: బియ్యం, శనగపప్పు, ఎండు చేప, సబ్బు బిళ్ళలు, అగ్గిపెట్టెల కట్టలు, సగం వాడిన కొబ్బరినూనె డబ్బా ఒకటి, తక్కెడ ఒకటి, చెక్కబల్ల ఒకటి. కింద ఒక సంతకం, ఒక ముద్ర. అప్పటికి నాకు పదకొండేళ్ళు. ఆ లెక్క రాసిన యువ సైనికుడు కొబ్బరినూనె డబ్బాను చేత్తో పట్టుకుని ఊపి, అందులో ఎంత ఉందో చెవి దగ్గర పెట్టుకుని విని, మరీ "సగం" అని రాయడం నాకు ఈనాటికీ కళ్ళకు కట్టినట్టుంది. అతడు మాతో దురుసుగా ప్రవర్తించలేదు. దుకాణం మొత్తం తీసుకుపోతూ కూడా లెక్కలో పావు శేరు తేడా రాకూడదన్నట్టు శ్రద్ధగా పనిచేశాడు.

మా వైపు పెద్దవాళ్ళు బర్మా రాజధాని రంగూన్‌ను "రంగం" అనేవారు. శ్రీకాకుళం సముద్రతీరం నుంచి మా తాతగారు ఓడరేవులో కూలిపనికి రంగం వెళ్ళారు. ఆయన ఒక్కరే కాదు, 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే ఉండేవారు. రేవులో బస్తాలు మోసేవారిలో ఎక్కువమంది తెలుగువాళ్ళు కాగా, బర్మా వాళ్ళు మమ్మల్ని కోరంగీలనీ, భారతీయులందరినీ కలిపి కలాలనీ పిలిచేవారు. 1930 మేలో రేవు కూలీల సమ్మె తర్వాత మనవాళ్ళ మీద జరిగిన దాడుల గురించీ, 1942లో జపాన్ బాంబుల నుంచి పారిపోతూ అడవుల వెంట నడిచివచ్చిన రోజుల గురించీ మా నాయనమ్మ ఎన్నోసార్లు చెప్పేది. ఇన్ని జరిగినా యుద్ధం ముగియగానే మా వాళ్ళు మళ్ళీ ఓడెక్కారు. బర్మాకు 1948 జనవరిలో స్వాతంత్ర్యం వచ్చాక అక్కడి పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకునే వీలు ఉన్నా, నాన్నగారు ఆ పనిని వచ్చే ఏడాది, ఆపై ఏడాది అంటూ వాయిదా వేస్తూ విదేశీయుల నమోదు పత్రంతోనే కాలం గడిపారు. చేతి నిండా వ్యాపారం ఉన్నవాడికి కాగితాల గొడవ ఎప్పుడూ రేపటి పనే కదా.

సైనిక పాలన అనగానే అందరూ 1962తో మొదలుపెడతారు. మా ఇంటి కథ మాత్రం అంతకు నాలుగేళ్ళ ముందు మొదలయిందని నా అభిప్రాయం. 1958 అక్టోబరులో ప్రధాని ఊ నూ, తన పార్టీ రెండుగా చీలి పాలన సాగని స్థితిలో, సైన్యాధిపతి జనరల్ నే విన్‌కు ఆపద్ధర్మ ప్రభుత్వాన్ని అప్పగించారు. సైనికులు వచ్చీ రాగానే రంగూన్‌ను శుభ్రం చేయడం మొదలుపెట్టారు. చెత్త ఎత్తించారు, వీధి కుక్కలను చంపించారు, ధరలు బోర్డు మీద రాసి పెట్టమన్నారు, యుద్ధం తర్వాత నగరం నిండా పుట్టగొడుగుల్లా లేచిన గుడిసెలను పీకించి వాటిలోని వాళ్ళను లారీలకెక్కించి ఒక్కలాప, తాకేత వంటి కొత్త శివార్లకు తరలించారు. నాన్నగారికి ఇదంతా ఎంతో నచ్చింది. "ఇన్నాళ్ళకు పనిచేసే ప్రభుత్వం వచ్చింది" అని దుకాణానికి వచ్చిన ప్రతివారితోనూ అనేవారట. ఆ గుడిసెల్లో మన కళాసీల కుటుంబాలు కూడా ఉండేవన్న సంగతి ఆయనకు తెలియక కాదు.

నిజం చెప్పాలంటే, నే విన్ ఆ మొదటిసారి మాట నిలబెట్టుకున్నాడు. 1960 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిపించి, గెలిచిన ఊ నూకు ఏప్రిల్‌లో అధికారం అప్పగించి పక్కకు తప్పుకున్నాడు. అప్పట్లో ఒక్కో పార్టీకి ఒక్కో రంగు పెట్టె ఉండేది. ఊ నూ పెట్టె భిక్షువుల వస్త్రాల రంగైన పసుపు కావడంతో, పసుపు పెట్టెలో కాక మరో పెట్టెలో చీటీ వేస్తే పాపం చుట్టుకుంటుందని భయపడే ముసలమ్మలను చూసి నాన్నగారు నవ్వుకునేవారని అమ్మ చెప్పేది. సైన్యం చెప్పిన గడువుకు ఇంచుమించుగా దిగిపోయిందన్న ఆ ఒక్క అనుభవమే తర్వాత అందరినీ ఏమార్చింది. రెండోసారి వచ్చినప్పుడు కూడా ఇల్లు ఊడ్చి వెళ్ళిపోతారనే అనుకున్నారు.

రెండోసారి 1962 మార్చి 2న, శుక్రవారం తెల్లవారుజామున వచ్చారు. షాన్ తదితర ప్రాంతాల నాయకులు తమ రాష్ట్రాలకు మరిన్ని అధికారాలు కావాలని కోరుతూ చర్చల కోసం రాజధానిలోనే ఉన్న సమయం అది. ఊ నూనూ, మంత్రులనూ, ఆ నాయకులనూ ఎక్కడివాళ్ళను అక్కడే నిర్బంధించారు. దేశ తొలి అధ్యక్షుడు సావ్ ష్వే థైక్ ఇంటి వద్ద జరిగిన కాల్పుల్లో ఆయన కుమారుడు, నూనూగు మీసాల కుర్రవాడు, చనిపోయాడు. ఉదయం రేడియోలో ప్రకటన వచ్చేసరికి నేను బడికి వెళ్ళే తొందరలో తల దువ్వించుకుంటున్నాను. నాన్నగారు రేడియో గొంతు కాస్త పెంచి, విని, మళ్ళీ తగ్గించి, "నే విన్ గారే, ఫరవాలేదు" అన్నారు. ఆ రోజు బడి మామూలుగానే జరిగింది. దుకాణంలో బేరం మామూలు కంటే బాగానే జరిగిందని రాత్రి నాన్నగారు లెక్క చూసుకుంటూ చెప్పారు.

జూలైలో మాత్రం మామూలుగా ఏదీ జరగలేదు. హాస్టళ్ళ కొత్త నిబంధనలకు నిరసనగా రంగూన్ విశ్వవిద్యాలయం విద్యార్థులు జూలై 7న గుమిగూడగా సైనికులు కాల్పులు జరిపారు. చనిపోయినవారి సంఖ్యలో ప్రభుత్వం చెప్పిన దానికీ విద్యార్థులు చెప్పిన దానికీ ఎక్కడా పొంతన లేదు. మర్నాడు ఆదివారం తెల్లవారుతుండగా విద్యార్థి సంఘ భవనాన్ని డైనమైట్ పెట్టి నేలమట్టం చేశారు. బ్రిటిష్ వాళ్ళకు ఎదురు తిరిగిన రోజుల్లో ఆంగ్ సాన్ వంటివారు నాయకత్వం నేర్చుకున్న చోటు అదే. కత్తికి కత్తి, బల్లేనికి బల్లెం అన్న ధోరణిలో నే విన్ రేడియోలో ప్రసంగించాడు. ఆ పేలుడు మా వీధి దాకా వినిపించిందా అన్నది మా ఇంట్లో ఎన్నటికీ తేలని వాదం. విన్నానని అమ్మ, అంత దూరం వినిపించే అవకాశమే లేదని నాన్నగారు. నాకు ఒక మోత గుర్తున్న మాట నిజమే గాని, అది ఆ రోజు నేను విన్నదో, అమ్మ చెప్పగా చెప్పగా నా చెవుల్లో చేరినదో ఇప్పుడు విడదీయలేను.

ఆ తర్వాత వచ్చిన మార్పులన్నీ సోషలిజం పేరుతో వచ్చాయి. 1963లో బ్యాంకులు పోయాయి. 1964 మార్చి 19న రంగూన్ దుకాణాల వంతు వచ్చింది. మా దుకాణం ముందు నాన్నగారి పేరున్న బోర్డు దింపి, "ప్యీదు సైన్", అంటే ప్రజా దుకాణం అని రాసి, కింద ఒక అంకె వేసిన బోర్డు ఎక్కించారు. నేను మొదట్లో చెప్పిన రసీదు ఆనాటిదే. సరుకుకు పరిహారం ఇస్తారన్న నమ్మకంతో నాన్నగారు దాన్ని కళ్ళకద్దుకుని దాచారు. వారం తిరక్కుండానే ఆ ప్రజా దుకాణంలో ప్రజలకు కావలసినదేదీ దొరకని స్థితి వచ్చింది. నూనె వచ్చిన రోజు సబ్బు ఉండేది కాదు, సబ్బు వచ్చిన రోజు బియ్యం ఉండేది కాదు. మే 17న, ఆదివారం, యాభై చాట్ల, నూరు చాట్ల నోట్లు చెల్లవని రేడియోలో చెప్పారు. బ్యాంకులను నమ్మలేక ఇంట్లోనే డబ్బు దాచుకున్న మా వంటి వాళ్ళకు అది రెండో దెబ్బ. నా దిండు గలీబు కుట్టు విప్పి అమ్మ అందులోంచి నూరు చాట్ల నోట్లు తీస్తుంటే, ఇన్నాళ్ళూ నేను అంత డబ్బు మీద తల పెట్టుకుని పడుకున్నానా అని నాకు ఆశ్చర్యం కలిగింది. ఆ నోట్లు అప్పగించడానికి నాన్నగారు నిలబడిన వరుసలో ఒకాయన, తెలుగాయనే, ఎండకు కాదు గాని మనాదికే కళ్ళు తిరిగి పడిపోయారట.

ఇక మిగిలింది ప్రయాణమే. ఆ రెండు మూడేళ్ళలో దాదాపు మూడు లక్షల మంది భారతీయులు బర్మా వదిలి వచ్చేశారు. తరతరాలుగా సంపాదించుకున్నదాంట్లో ఏం తీసుకెళ్ళవచ్చో, ఏం తీసుకెళ్ళకూడదో నిర్ణయించేవాళ్ళు రేవులో బల్లలు వేసుకుని కూర్చునేవారు. మా వంతు వచ్చినప్పుడు అక్కడున్న ఒక ఉద్యోగిని అమ్మ మెడలోని గొలుసు, సూత్రాలు తీయించింది. అమ్మ పసుపుకొమ్ము కట్టిన తాడుతో ఓడెక్కింది. నాన్నగారు చొక్కా లోపలి జేబులో రసీదు మాత్రం భద్రంగా ఉంచుకున్నారు. కాగితమే కదా అని దాన్ని ఎవరూ అడగలేదు. ఓడ కదిలాక, నదిలో నుంచి చూస్తుంటే ష్వేడగోన్ పగోడా బంగారు శిఖరం చాలాసేపు కనబడింది. అంత బంగారం అక్కడే ఉండగా అమ్మ గొలుసు వాళ్ళకెందుకని నేను అడిగానట. ఆ ప్రశ్న చిన్నప్పటి నా తెలివితేటలకు సాక్ష్యంగా మా బంధువుల్లో ఏళ్ళ తరబడి తిరిగింది.

విశాఖపట్నంలో దిగిన తర్వాత మా పేరు కాందిశీకులయింది. క్యాంపు జీవితం, ప్రభుత్వం ఇచ్చిన చిన్న అప్పు, దానితో పెట్టిన బడ్డీకొట్టు గురించి రాయాలంటే అది మరో కథ అవుతుంది. ఒక్క మాట చెప్పి వదిలేస్తాను: రంగంలో మమ్మల్ని కలాలన్నారు, ఇక్కడ బర్మా వాళ్ళన్నారు.

నాన్నగారు ఆ దేశాన్ని వదిలినా, ఆ దేశపు రేడియో ఆయనను వదల్లేదు. రాత్రి పూట బర్మా భాషలో బీబీసీ, ఆకాశవాణి ప్రసారాలు వినేవారు. 1974 డిసెంబరులో, ఐక్యరాజ్యసమితికి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన ఊ థాంట్ భౌతికకాయానికి ప్రభుత్వం తగిన గౌరవం ఇవ్వలేదన్న కోపంతో విద్యార్థులు శవపేటికను ఎత్తుకుపోయి, కూల్చేసిన విద్యార్థి సంఘ భవనం ఉన్న చోటనే సమాధి చేస్తే, సైన్యం విరుచుకుపడి దాన్ని తవ్వి తీసుకుపోయిందని ఆయన మాకు అన్నాలు తినే వేళ చెప్పారు. 1987 సెప్టెంబరులో ఇరవై ఐదు, ముప్పై ఐదు, డెబ్బై ఐదు చాట్ల నోట్లు రద్దయ్యాయని విన్నప్పుడు మాత్రం ఆయన నవ్వారు. ఈసారి పైసా పరిహారం కూడా లేదు. వాటి బదులు నలభై ఐదు, తొంభై చాట్ల నోట్లు వేశారు. తొమ్మిది నే విన్‌కు అచ్చివచ్చిన అంకె అని అందరూ చెప్పుకునేవారు, ఆ రెండూ తొమ్మిదితో భాగింపబడేవే. దేశం మొత్తం జేబును ఒక మనిషి జాతకానికి ముడివేయడం వింటే నవ్వు రాక ఏమవుతుంది?

కాని ఆ నోట్లే చివరికి నిప్పు రాజేశాయి. ఫీజుకు దాచుకున్న డబ్బు చిత్తు కాగితమైన విద్యార్థులలో కోపం అప్పటికే రగులుతూ ఉంది. 1988 మార్చిలో ఒక టీ దుకాణంలో ఏ పాటల క్యాసెట్ పెట్టాలన్న చిన్న గొడవ పోలీసు కాల్పుల దాకా పోయి ఒక విద్యార్థి ప్రాణం తీసింది. అరెస్టయిన వాళ్ళలో నలభై ఒక్క మంది పోలీసు వ్యానులో ఊపిరాడక చనిపోయిన సంగతి నెలల తర్వాత గాని ప్రభుత్వం ఒప్పుకోలేదు. జూలైలో నే విన్ పార్టీ పదవి నుంచి దిగుతూ కూడా, సైన్యం కాలిస్తే గాలిలోకి కాల్చదు, తగిలేట్టే కాలుస్తుందని హెచ్చరించి దిగాడు. ఆగస్టు 8న దేశమంతటా సార్వత్రిక సమ్మె జరిగింది. ఆగస్టు 26న ఆంగ్ సాన్ కూతురు సూకీ, జబ్బుపడిన తల్లిని చూసుకోవడానికి వచ్చి ఉన్న ఆమె, ష్వేడగోన్ పడమటి ద్వారం దగ్గర లక్షల మంది ఎదుట నిలబడి, ఇది రెండో స్వాతంత్ర్య పోరాటం అన్నారు. రేడియోలో ఆ వార్త తరువాత జనం నినాదం కాస్త వినిపించింది: "డో అయే! డో అయే!" మన పని, మన బాధ్యత అని దానికి అర్థం చెబుతూ నాన్నగారు ఆగిపోయారు. కాసేపటికి, ఎవరూ అడగకుండానే, "యాభై ఎనిమిదిలో గుడిసెలు పీకేసి వాళ్ళను లారీలెక్కిస్తుంటే నేను దుకాణం మెట్ల మీద నిలబడి చూశానురా అబ్బాయ్. బాగుందనుకున్నాను" అన్నారు. అని, రేడియో ముల్లు సరిచేయడంలో పడిపోయారు. మళ్ళీ ఎన్నడూ ఆ ప్రస్తావన తేలేదు.

సెప్టెంబరు 18న సైన్యం మళ్ళీ నేరుగా అధికారం చేజిక్కించుకుంది. ఆ ఏడాది చనిపోయినవాళ్ళు మూడు వేల మంది దాకా ఉంటారని అంచనా. 1989లో దేశం పేరు మయన్మార్‌గా, రంగూన్ పేరు యాంగోన్‌గా మార్చారు, సూకీని ఇంట్లో బంధించారు. అయినా 1990 మే 27 ఎన్నికల్లో ఆమె పార్టీ 485 స్థానాల్లో 392 గెలిచింది. ఆ అంకెను నాన్నగారు రసీదు వెనుక పెన్సిలుతో రాసుకున్నారు. ఫలితాన్ని సైన్యం చెత్తబుట్టలో పడేసిన సంగతి లోకానికి తెలిసిందే. పరిహారం మీదా, ఆ 392 మీదా ఆశ పెట్టుకునే ఆయన రెండేళ్ళకు కన్నుమూశారు.

నేను మళ్ళీ ఆ నేల మీద కాలు పెట్టింది 2013లో. 2007లో భిక్షువులు తమ భిక్షాపాత్రలను బోర్లించి, సైనిక కుటుంబాల దానం మాకు వద్దని వీధుల్లోకి రావడం, 2008లో నర్గీస్ తుఫాను వేలాది గ్రామాలను ముంచిన కొద్ది రోజులకే సైన్యం తన రాజ్యాంగానికి ప్రజాభిప్రాయ సేకరణ జరిపించడం, 2010 నవంబరులో సూకీ విడుదల కావడం, ఇవన్నీ ఇక్కడి నుంచే చూశాను. వెళ్ళేసరికి పేవ్‌మెంట్ల మీద సూకీ బొమ్మలున్న క్యాలెండర్లు, గాజు గ్లాసులు బాహాటంగా అమ్ముతున్నారు. మా దుకాణం ఉన్న వరుసలో సెల్‌ఫోన్లు అమ్మే కొట్టు ఉంది. వెతగ్గా వెతగ్గా నాన్నగారి దగ్గర పనిచేసిన గుమాస్తా గారి కొడుకు దొరికాడు. నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. పేరు బర్మా పేరు, కట్టు బర్మా లుంగీ, బుగ్గన తనాకా బెరడు గంధం పూసిన భార్య. నోరు తెరిస్తే మాత్రం మా నాయనమ్మ మాట్లాడిన శ్రీకాకుళం తెలుగు, ఎక్కడా చెక్కు చెదరకుండా. "ఏటి బావూ, ఇన్నేళ్ళకి గేపకమొచ్చినామా?" అన్నాడు.

టీ దుకాణంలో పొట్టి స్టూళ్ళ మీద కూర్చున్నాం. 2008 రాజ్యాంగంలో మెలిక ఆయన నాకు స్టీలు చెంచాలతో చెప్పాడు. నాలుగు చెంచాలు వరుసగా పెట్టి, ఒకటి పక్కకు లాగి, "ఇది ఓట్లతో పన్లేదు, సైన్యానిది" అన్నాడు. పార్లమెంటులో నాలుగో వంతు సైన్యం నియమించే సభ్యులు. రాజ్యాంగాన్ని సవరించాలంటే డెబ్బై ఐదు శాతానికి మించి మద్దతు కావాలి. అంటే ఆ ఒక్క చెంచా ఒప్పుకోకుండా తక్కిన మూడూ కలిసినా ఏమీ చేయలేవు. రక్షణ, హోం, సరిహద్దు వ్యవహారాల శాఖలు సైన్యం చేతిలోనే. ఇదంతా చెబుతున్నంతసేపూ ఆయన గొంతు పక్క స్టూలుకు కూడా వినపడనంత చిన్నగా ఉంది. మనవాళ్ళు ఇప్పుడు స్వేచ్ఛగా మాట్లాడుకోవచ్చు కదా అంటే, "గొంతుకి ఇంకా తెలీదు బావూ" అన్నాడు. జేబులోంచి తన గుర్తింపు కార్డు తీసి చూపించాడు. 1982 పౌరసత్వ చట్టం కింద పూర్తి పౌరులకు గులాబీ రంగు కార్డు, ఆయన వంటి వాళ్ళకు పచ్చ కార్డు. ఆ దేశంలోనే పుట్టి, ఆ దేశంలోనే ముసలివాడైన మనిషికి.

2015 ఎన్నికల్లో సూకీ పార్టీ గెలిచినప్పుడు ఆయన ఫోన్ చేసి ఏడ్చాడు. 2017లో సైన్యం రఖైన్‌లో రోహింగ్యా గ్రామాలను తగలబెట్టి, ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయినప్పుడు నేనే ఫోన్ చేశాను. "ఆళ్ళు మనలాంటోళ్ళు కారు బావూ, ఆళ్ళ సంగతి నీకు తెల్దు" అన్నాడు. పచ్చ కార్డు జేబులో ఉన్న మనిషి ఆ మాట అనడం విని నాకు నోట మాట రాలేదు. 2019 డిసెంబరులో హేగ్ అంతర్జాతీయ న్యాయస్థానంలో, రోహింగ్యాల జాతిహత్య కేసులో, సూకీ స్వయంగా నిలబడి తన దేశపు వాదన వినిపిస్తుంటే టీవీ కట్టేశాను. దుకాణం మెట్ల మీద నాన్నగారు, చేతులు కట్టుకుని లారీలను చూస్తూ, నాకు ఆ రోజంతా కనిపిస్తూనే ఉన్నారు.

2021 ఫిబ్రవరి 1న, కొత్త పార్లమెంటు కొలువుతీరవలసిన రోజునే, సైన్యాధిపతి జనరల్ మిన్ ఆంగ్ లైంగ్, సూకీ పార్టీ ప్రభుత్వాన్ని కూల్చాడు. అంతకు మూడు నెలల ముందు ఎన్నికల్లో సూకీ పార్టీ మరింత భారీగా గెలవడమే ఆ ప్రభుత్వం చేసిన తప్పు. రంగంలోని మా గుమాస్తా గారి కొడుక్కి ఒక కూతురు, బడిపంతులు. వేలాది ఉద్యోగులతో పాటు తనూ విధులు బహిష్కరించింది. ఒకనాటి సాయంత్రం, ఇక్కడ ఏడు, అక్కడ ఎనిమిది, మాట్లాడుతుండగా ఫోనులో గిన్నెలు, డబ్బాలు, మూకుళ్ళు ఒక్కసారిగా మోగడం మొదలైంది. దయ్యాలను తరమడానికి అక్కడ పూర్వం నుంచీ చేసే మోత అది. వీధికి అడ్డంగా తాళ్ళు కట్టి ఆడవాళ్ళ లుంగీలు ఆరేశామని, వాటి కింద నుంచి నడిస్తే మగతనం పోతుందని సైనికులకు భయమని చెబుతూ ఆ అమ్మాయి పగలబడి నవ్వింది. తర్వాత కాల్పులు మొదలయ్యాయి. ఆమె నంబరు మారింది, ఇల్లు మారింది.

జూన్‌లో కొత్త నంబరు నుంచి ఒక ఫోటో వచ్చింది. రోహింగ్యాలకు సంఘీభావంగా బర్మా యువత నల్లబట్టలు వేసుకుని, నిరసన గుర్తుగా మూడు వేళ్ళు ఎత్తి ఫోటోలు పెట్టిన రోజు అది. నల్ల జాకెట్టు వేసుకుని, చెయ్యెత్తి ఆ అమ్మాయి ముందు నిలబడింది. వెనుక కిటికీ పక్కన కుర్చీలో ఆయన కూర్చుని ఉన్నాడు. చెయ్యి ఎత్తలేదు. ఆయన వేసుకున్న చొక్కా కూడా నల్లదే. కావాలని వేసుకున్నాడో, ఆ పూట ఉతికి ఉన్నది అదొక్కటేనో నేను అడగలేదు.